తల్లి వైపు

“నాయినా, ఒక్క మాట ఇను,” అంటూ చేపలమ్మే ముసల్దొకతి ఎల్లాజీ చొక్కా పట్టుకుంది.

ఎల్లాజీ విదిలించుకున్నాడు. ఆమె గంపలోంచి ఆసుపత్రి వరండా అంతా ఎండుచేపల వాసన.

గరివిడి నుంచి కూతురు రాణిని ఇక్కడికి తెచ్చిన దగ్గర్నుంచీ అతనికి ఇదే చిరాకు. పిల్లకి మూర్ఛలు ఆగవు. డాక్టరు జబ్బు తేల్చడు. ఇప్పుడు ఈ ముసల్దొకతి.

“సిల్లర నేదు, ఎల్లు!”

“సిల్లర కోసం కాదయ్యా. నా పిల్లలకీ ఇలగే మూర్ఛలొచ్చీవి. ఒక్కడూ నిలవనేదు. డాక్టరుబాబుకి సెప్పాల.”

“నోరు ముయ్యి! నీ పిల్లలకీ నా గుంటకీ ఏటి సంబంధం?”

ముసల్ది ఏదో చెప్పబోయింది. ఎల్లాజీ వెనకే నిలబడ్డ అతని అత్త గున్నమ్మను చూసి ఆగిపోయింది.

గున్నమ్మ తల తిప్పుకుంది.

లోపల్నుంచి డాక్టరు పిలిచాడు.

“ఒంట్లో ప్రతి కణంలోనూ పొయ్యిలాంటిది ఒకటుంటుంది. మైటోకాండ్రియా అంటాం. అది దెబ్బతింటే మెదడుకి సత్తువ చాలదు. మూర్ఛలొస్తాయి. అది బిడ్డకి తల్లి నుంచే వస్తుంది, తండ్రి నుంచి రాదు. తల్లి వైపు ఎవరికైనా ఇలా ఉందా?”

మంచం పక్కనున్న రాణి తల్లి తులసి, తన తల్లి గున్నమ్మ వైపు చూసింది.

“మా వైపు ఎవలికీ నేదు బాబూ. మాయమ్మ ముసిల్దయ్యాక కూడా ఊడుపులకెళ్లేది,” అంది గున్నమ్మ.

“బాగా ఆలోచించి చెప్పమ్మా. పరీక్ష ఫలితం రావడానికి చాలా రోజులు పడుతుంది. మిగతా మందులకి మూర్ఛ లొంగడం లేదు. ఒకటే మిగిలింది. ఆ జబ్బున్న పిల్లకి అది వేస్తే లివరు పోతుంది.”

గున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నేదు బాబూ.”

“నేదంటంది కదా! ఎన్నిసార్లడుగుతారు? ఏసీండి!” అన్నాడు ఎల్లాజీ.

మందు వేశారు. మూర్ఛలు ఆగాయి.

బయటికొస్తే ముసల్ది గుమ్మం దగ్గరే కూచునుంది. ఎల్లాజీకి ఒళ్లు మండింది. రెక్క పట్టుకుని గేటు దాటించాడు. గంప బోర్లాపడి నెత్తళ్ల చేపలన్నీ మట్టిపాలయ్యాయి. వాటిని ఏరుకోకుండానే వెళ్లిపోయింది.

నెల తిరక్కుండా రాణి కళ్లు పచ్చబడ్డాయి. పిలిస్తే పలకడం మానేసింది. మళ్లీ అదే ఆసుపత్రి. ఈసారి ఐసీయూ.

“ఆ జబ్బే. పరీక్షలో తేలింది,” డాక్టరు తల పట్టుకున్నాడు. “తల్లి వైపు లేదన్నారే!”

ఎల్లాజీ గోడను గుద్దాడు. “నేకపోతే ఎలగొస్తాది? ఎవలో ఒకలు సెప్పండి!”

గున్నమ్మ నేలమీద కూలబడింది.

“తులసి నాకు పుట్టనేదు నాయినా.”

తులసి గున్నమ్మ వైపు తిరిగింది.

“పిల్లలు నిలవనోళ్లు, పుట్టిన బిడ్డని సేటలో ఎట్టి ఇంకోళ్లకి తవుడుకి అమ్ముతారు. సావు కళ్లు కప్పడానికి. పేరుకే అమ్మకం. మర్నాడే ఎనక్కి తీసుకుపోతారు. నాకు కడుపు పండనేదు. దాలమ్మ బిడ్డని నాకిచ్చి, తీసుకుపోడానికి మరి రానేదు. సేపలు పట్టే జాలారోళ్ల పిల్లని తెలిస్తే దీనికి పెళ్లవదని, ఎవలికీ సెప్పనని దాని సేత ఒట్టేయించుకున్నాను.”

తులసి ఆమె ఎదురుగా నేలమీద కూచుంది. “నన్నెందుకు ఎనక్కి తీసుకుపోనేదే అమ్మా?”

“తీసుకుపోతే నువ్వూ సచ్చిపోతావని బయపడి, మన గుమ్మంలో గంప దించి నీకు నెత్తళ్లు కొసరేసి పోయీది గానీ, నీ మొగుడు రెక్కట్టి గెంటినప్పుడు కూడా ‘నా బిడ్డ’ అననేదే ఆ దాలమ్మ.”