మల్కయ్య ఆంబోతు

రాళ్ల బండికి బుచ్చమ్మ అడ్డం నిలబడింది. కాడికి కట్టిన ఎడమ ఎద్దు తొడ మీద శూలం అచ్చు ఉంది. మల్కయ్య చనిపోయిన పదకొండో రోజున, పెనిమిటి పేరిట ఆమె అచ్చు వేయించి వదిలిన కోడె అది.

"ఇది మీ అన్న ఆంబోతు గాదా, అంజయ్యా?"

మరిది బండి దిగలేదు. "అప్పుడు ఆంబోతు వదినా. విత్తులు కొట్టిచ్చిన, ఇగ ఎద్దే. హైటెక్ సిటీకి రాళ్లు గుంజుతది."

"దేవుని పేర ఇడిసినదానికి కాడి కడ్తవా?"

"ఊరోళ్లంత భూములు అమ్ముకున్నరు. ఇగ ఏడ మేస్తది?"

"మన చేన్ల మేస్తది. విప్పు!"

అంజయ్య పగ్గం వేళ్లకు చుట్టుకుంటూ తల వంచుకున్నాడు.

బుచ్చమ్మ అప్పుడు బండిలోకి చూసింది. రాళ్లన్నిటి పైన సున్నం పూసిన హద్దురాయి ఉంది. తమ చేని మూలన మల్కయ్య తన చేతులతో పాతిన రాయి.

"చేను గూడ అమ్మినవా? నాకొక్క మాట జెప్పక?"

అతను చెర్నాకోల విసిరాడు. దెబ్బ సరిగ్గా శూలం అచ్చు మీద పడింది.

ఆంబోతయితే బండిని బోర్లదోసి కుమ్మేది. ఎద్దు తల వంచి, బుచ్చమ్మ పక్కనుంచి తప్పుకుని ముందుకు నడిచింది.