హైమావతక్క తెచ్చిన మంచి కబురు

బెంగళూరు ఆర్మీ క్వార్టర్స్‌లో మూడో అంతస్తు. తలుపు తీసిన సంధ్య, ఎదురుగా హైమావతిని చూడగానే ధడాలున మూసేసింది.

"సంధ్యా, తలుపు తియ్యమ్మా!"

"చెప్పొద్దక్కా! నువ్వు చెప్పనంతవరకూ ఆయన బతికే ఉండాడు."

 హైమావతి భర్త కూడా సైన్యంలోనే సుబేదారు. జవాన్ల కుటుంబాలకు తోడుండే ఆడవాళ్ళలో తెలుగు వచ్చినది ఆమె ఒక్కతే. సరిహద్దు నుంచి చావు కబురొస్తే, సొంత భాషలో చెప్పాలని తెలుగిళ్ళకు ఆమెనే పంపేవాళ్ళు. ఈ ఏడాది అలా నాలుగు గడపలు తొక్కింది.

"పిచ్చిపిల్లా, మీ ఆయన ఓబులేసుకు లీవు మంజూరైంది! నీ ఫోన్ కలవలేదని నన్నే పోయి చెప్పమన్నాడు. ఒక్క మంచి మాటైనా నా నోటితో చెబుదామని పరిగెత్తుకుంటా వచ్చినా."

"లలితక్క మొగుడు పోయిన దినం ఆమెకూ ముందు 'ఏం లేదు, కూర్చో' అనే అన్నావు కదక్కా!"

 హైమావతి ఓబులేసుకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి తలుపుకు ఆనించింది.

"సంధ్యా, శుక్రవారానికి వచ్చేస్తాండా!"

తలుపు తెరుచుకుంది. సంధ్య ఫోన్ లాక్కుని, ఏడుస్తూ నవ్వుతూ చాలాసేపు మాట్లాడింది. ఫోన్ తిరిగిచ్చేటప్పుడు మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడి చేతులు జోడించింది.

"ఏమనుకోవద్దక్కా. ఇంక మంచిదైనా ఫోన్లోనే చెప్పు. మా గడపకు రావొద్దు."

"సరేమ్మా."

హైమావతి మెట్లు దిగుతుంటే రెండో అంతస్తులో ఎవరో గడియ తీస్తున్న చప్పుడైంది. తలుపు తెరుచుకోకముందే ఆమె గట్టిగా కేకేసింది.

"ఏం కాలేదమ్మా... ఊరికే వచ్చినా! ఊరికే!"