రెండు మెడపట్టీల తాడు

వేటగాడు మెలితోన్ జనవరిలో పోయాడు. అతని ముసలి గ్రేహౌండ్ వేటకుక్క బ్రూమాను నేను ఇంటికి తెచ్చుకున్నాను, దాని తాడుతో సహా. మా ఊళ్ళో కుందేళ్ళ మీదికి కుక్కల్ని జతగా వదులుతారు. అందుకే ఒక్క తాడుకు రెండు మెడపట్టీలు.

బ్రూమా మెట్లెక్కడం నేర్చుకుంది. మా పాప హారా పడుకునే ఉయ్యాల కింద తానూ పడుకోవడం నేర్చుకుంది. కానీ రోజూ రాత్రి బయట ఈల వినిపిస్తోంది, అచ్చం మెలితోన్ ఈలే. తెల్లారేసరికి తలుపు పక్కన వేలాడే తాడుకు రెండో పట్టీ మరో రంధ్రం బిగిసి ఉంటోంది.

"ఆ కుక్కని వదిలెయ్యవే పిచ్చిమొహమా! ఆయన జత లేకుండా ఏనాడైనా వేటకెళ్ళాడా?" అంది పక్కింటి ఎంగ్రాసియా.

"బతికుండగా దానికింత రొట్టె వెయ్యనోడు ఇప్పుడొచ్చి అడుగుతాడేంటత్తా?" అన్నాను.

ఈ ఉదయం ఆ పట్టీ సరిగ్గా హారా మెడంత ఉంది.

రాత్రి కాగానే తాడును పొయ్యిలో పడేశాను. అది కాలుతుండగానే ఈల వినిపించింది. బ్రూమా వణుకుతూ లేచి తలుపు వైపు చూసింది. తర్వాత వచ్చి ఉయ్యాలకు అడ్డంగా నిలబడింది.

తలుపు గడియ మెల్లగా పైకి లేచింది.

పొయ్యిలో ఎర్రగా కాలిన చువ్వ పట్టుకుని నేనూ బ్రూమా పక్కనే నిలబడ్డాను.

"జత కావాలిగా నీకు," అన్నాను. "ఇదిగో, రా."