సొట్ట గ్లాసు

అనాస జామ్ రెండోసారి కూడా గట్టిపడలేదు.

గరిటె ఎత్తితే నీళ్లలా జారిపోయింది.

జామ్ కొట్టు కొత్త యజమాని తల పట్టుకున్నాడు. చిటికెడు ఉప్పయినా తూచనిదే వేయడని చుట్టుపక్కల వాళ్లు అతనికి 'కాటా' అని పేరు పెట్టారు. మొదటిసారి పండు పచ్చిదన్నాడు. ఇప్పుడు మంట చాలలేదన్నాడు. లెక్క తప్పేమోనని మాత్రం అనుకోలేదు.

రేపు హోటలాయన రుచి చూడ్డానికి వస్తాడు. ఆర్డరు దక్కకపోతే కొట్టుకు తాళమే.

పాతాయన కొట్టుతో పాటు ఇచ్చిన కాగితం గోడకు అతికించి ఉంది.

'నలభై గ్లాసుల ముక్కలు, ఐదు కిలోల పంచదార.'

గ్లాసుల లెక్కేమిటి, మోటుగా అనుకుని కాటా మొదటిసారే గ్లాసుడు నీళ్లు తూచాడు. పావుకిలో. అంటే పండు పది కిలోలు.

"మళ్లీ పది కిలోలే కొయ్యి."

ఆ పొద్దుటే పనిలో చేరిన ముసలమ్మ కత్తి ఆపింది.

"నీళ్లయితే సందు లేకుండా నిండుతాయి బాబూ. ముక్కల మధ్య గాలి ఉంటుంది. గ్లాసుడు ముక్కలు పావుకిలో ఎక్కడ తూగుతాయి?"

"గాలిక్కూడా లెక్కలు చెబుతున్నావా? ఏం చదివావేమిటి?"

"చదువెక్కడిది బాబూ."

"మరి కోసుకో."

కోసింది. కాసేపటికి ఉండబట్టలేక, తాను టీ తాగిన స్టీలు గ్లాసు ముందుకు జరిపింది. దానికి ఓ పక్క సొట్ట.

"పండు ఎక్కువై పంచదార చాలట్లేదు. పోనీ, దీంతో ఓసారి కొలిచి చూడండి."

"నీ ఎంగిలి గ్లాసుతో హోటలు సరుకు కొలవాలా? నోటికున్న పని చేతికి లేదు నీకు. ఇక రావద్దులే."

ఆమె గ్లాసు కడిగి సంచిలో పెట్టుకుంది.

"దించే ముందు మంట తగ్గించండి. అడుగంటుతుంది."

అని చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు హోటలాయన చెంచా ముంచి పైకెత్తాడు.

"ఏమండీ, ఇది రొట్టెకు పూయాలా, గడగడా తాగాలా? పాతాయన హయాంలో ఇలా ఉండేది కాదే."

చెంచా కింద పెట్టి లేచాడు.

అడిగితే చులకనైపోతానని ఇన్నాళ్లూ పాతాయనకు చేయని ఫోను, కాటా అప్పుడు చేశాడు.

"గ్లాసుడు ముక్కలు ఎంత తూగుతాయండీ?"

"నాకేం తెలుసయ్యా. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాణ్ణి," అన్నాడు పాతాయన.

"మరి ఈ కాగితం?"

"మా వంటావిడ చెబితే రాశాను. ముప్పై ఏళ్లు ఆ జామ్ ఆవిడే వండింది. చేతులు ఊరుకోవడం లేదు, మళ్లీ ఆ పొయ్యి దగ్గరికే పోతానంది. రాలేదా?"



"ఎక్కడుంటారావిడ?"

"నేనెప్పుడూ అడగలేదు. వస్తే మాత్రం పోనివ్వకు. ఆ లెక్కంతా ఆవిడ టీ తాగే గ్లాసుది, ఓ పక్క సొట్ట ఉంటుంది దానికి."