రెండు పొట్టి మెట్లు

సంగీతం టీచరమ్మ ఇంటి మెట్లెక్కి తిన్నగా పైకి చేరిన మగాడు ఇంకా పుట్టలేదు. పోస్ట్‌మాన్ బోర్లాపడి లేచాడు, మళ్ళీ పడ్డాడు. పేపరు వేసేవాడు దండం పెట్టేసి, రోడ్డు మీంచే విసిరి విసిరి, ఇప్పుడు ఏ దేశం టీములోనైనా బౌలింగు చేయగలడు.

మొత్తం ఎనిమిది మెట్లు. అందులో నాలుగోదీ, ఎనిమిదోదీ సగం ఎత్తే.

ఆ సంగతి తెలిసినప్పట్నుంచీ మేస్త్రీకి ముద్ద దిగడం లేదు. ఆ మెట్లు కట్టే పని ఒప్పుకున్నది తను. తమ్ముడి మీద వదిలేసి, అత్తారింట్లో మంచమెక్కి గురకపెట్టిందీ తనే.

తిరిగొచ్చి కొలిచి, తమ్ముణ్ణి నలుగురిలో కడిగేశాడు.

"అది కాదన్నా, ఆవిడేమో..."

"నువ్వు మాట్లాడకురా. టేపు చెబుతోందిగా."

తమ్ముడు తాపీ అక్కడే పడేసి, రంగులేసేవాళ్ళలో కలిసిపోయాడు. మళ్ళీ అన్న గడప తొక్కలేదు.

టీచరమ్మ పల్లెత్తు మాట అనలేదు. ఎదురుపడితే నవ్వేది. ఆ నవ్వు తప్పించుకోడానికి మేస్త్రీ పక్కవీధికి వెళ్ళాలన్నా ఊరంతా చుట్టొచ్చేవాడు.

తిట్టినా బావుండేది. అన్నిటికన్నా బాధ, పాట నేర్చుకోడానికొచ్చే ఆ పిల్లలు. సాయంత్రం మెట్టుకో స్వరం పాడుతూ ఎక్కేవారు. స, రి, గ... నాలుగో మెట్టు దగ్గర కాలు కాస్తే లేచేది, గొంతూ కాస్తే లేచేది. ఎనిమిదో దగ్గరా అంతే. పాపం, భయంతో గొంతు కూడా పెగలడం లేదని మేస్త్రీ కుమిలిపోయాడు. రేపు ఎవరి పళ్ళో రాలితే ఆ పాపం ఎవరిది?

టీచరమ్మ ఊరెళ్ళిన రోజు గోడ దూకాడు, సిమెంటు బస్తాతో సహా. చెక్కాడు, పూశాడు. ఎనిమిదీ ఒకే ఎత్తుకి తెచ్చి, మట్టం పెట్టి చూసుకుని కళ్ళొత్తుకున్నాడు. నీ తప్పు నేను దిద్దేశాను, పనిలోకి రారా అని తమ్ముడికి కబురు కూడా పంపాడు.

టీచరమ్మ వచ్చింది. పిల్లలు ఎక్కారు. మూడో మెట్టు దాటగానే ఉన్న గొంతులన్నీ తలో దారి పట్టాయి.

మేస్త్రీ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"సరిచేశానమ్మా. మావాడిది చిన్నతనం, మనసులో పెట్టుకోకండి."

టీచరమ్మ నాలుగో మెట్టు మీద పాదం ఆనించి చూసి, అక్కడే కూలబడింది.

"'గ' నుంచి 'మ'కీ, 'ని' నుంచి పై 'స'కీ గొంతు సగమే లేవాలని పిల్లల కాళ్ళకి తెలియాలని, మీ తమ్ముడు ఒప్పుకోనంటున్నా బతిమాలి ఆ రెండూ పొట్టిగా కట్టించుకున్నాను కదయ్యా."