పంటి బిగువు

“ఈ దవడ ఎప్పటి నుంచి బిగుసుకోని ఉండాది?” శకుంతల చెవుల ముందు గోరువెచ్చని ఆముదం రుద్దుతూ అడిగింది నాటు వైద్యం చేసే గంగులమ్మ.

“మూడు నెలలాయ. కూతురి పెండ్లి నుంచీ నోరు తెరవలేకుండా ఉండాది,” అన్నాడు శకుంతల మొగుడు మునెయ్య.

“ఆ పొద్దు ఏం జరిగింది?”

“ముహూర్తానికి ముందర టెలిగ్రాం వచ్చింది. సత్యవేడులో ఈమె వాళ్లమ్మ పోయింది. తాళి పడేదాకా ఏడవొద్దని నేనే చెప్పినాను.”

“తాళి పడినాక?”

మునెయ్య తల వంచుకున్నాడు. “అప్పగింతలైనాక పోదామన్నాను. మేం పోయేతలికి ఆడ కాల్చేసినారు.”

“అప్పుడన్నా ఏడవమన్నావా?”



గంగులమ్మ అతని చేతులు తీసుకొని శకుంతల చెంపల మీద పెట్టింది. “నువ్వేసిన గొళ్లెమప్పా ఇది. నువ్వే తియ్యి.”

“ఏడువు, శకుంతలా,” అన్నాడు.

దవడ విడలేదు. అతని వేళ్ల మీదికి మాత్రం వెచ్చగా కన్నీళ్లు కారాయి.