గాలానికి కట్టిన ఎంటికలు

"మేకెంటికలు వద్దు జానయ్యా, ఇయ్యాల గీటితోని కట్టు," అని క్యాంపు జమేదారు ఓ గుప్పెడు జుట్టు ముంగటేసిండు.

పోలీస్ యాక్షన్ అయినంక ఊర్లె దిగిన జమేదారుకు కొర్రమట్ట చేపల వేటంటే పాణం. గాలానికి ఎంటికలు చుట్టి పురుగు లెక్క కట్టుడు జానయ్యకే వచ్చు.

జుట్టు చేతిలకు తీసుకోంగనే జానయ్య గుర్తువట్టిండు. కొసలు ఎర్రగున్న ఆ జుట్టు దళంలకు పోయిన తన బిడ్డ గుర్వమ్మది.

"ఈ జుట్టు పిల్ల గుట్టల దొరికింది," అన్నడు జమేదారు. " ఎంత కొట్టినా తండ్రి పేరు చెప్పలే. నువ్వు ఎరుగుదువా?"

తనను కాపాడనీకే బిడ్డ నోరు విప్పలేదు. ఇప్పుడు తను ఒప్పుకుంటే ఆమె తిన్న దెబ్బలన్నీ దండుగ. జానయ్య ఆ ఎంటికలు గాలానికి చుట్టిండు. దారం బిగించి, కొసలు సమంగ కత్తిరించి ఇచ్చిండు.

"ఎరుగను సాబ్."

జమేదారు గాలాన్ని వెలుగుకు పట్టి మెచ్చుకున్నడు. "అయినోళ్లుంటే పిల్ల పీనుగను ఇయ్యుమని పైనుంచి హుకుం. ఎవ్వరు లేకపాయె." బయటున్న జవాన్లకు కేకేసిండు: "గుంతల పెట్టి పూడ్చుండ్రి!"

జానయ్య ఆయన కాళ్ల మీద పడ్డడు. "అది నా బిడ్డ సాబ్! నాకియ్యుండ్రి!"

జమేదారు నవ్విండు. "తండ్రివైతే బిడ్డ జుట్టుతోని ఇంత సక్కగ కడుతవా? లే, ఇంకొకటి కట్టు."